లేని ఊరికి ఏడ్చే రోజు

మా గాదిర్ రేవులో మగవాళ్లు రెండు రకాలు. చేపలు పట్టేవాళ్లు ఒక రకం, చెప్పి పట్టేవాళ్లు రెండో రకం. నేను రెండో రకం. పేరు ముత్తున్. నాకు యాభై ఏళ్లు, నా గొంతుకి మాత్రం ఇరవయ్యే. ఈ చివర నేను తుమ్మితే ఆ చివర ఓడవాళ్లు గాలి మారిందనుకుని తెరచాప దించేస్తారని మా ఆవిడ అరిషత్ దెప్పుతూ ఉంటుంది.

నా ఉద్యోగం ముంచడం. కంగారు పడకండి, మనుషుల్ని కాదు, ఒక దేశాన్ని. తూర్పు నుంచి ఏ పరాయి ఓడ వచ్చి మా రేవులో తాడు కట్టినా, దాని సరంగుని సారాయి కొట్టుకి తీసుకెళ్లి, రెండో గిన్నె దిగే వేళకి గొంతు తగ్గించి (నాకు కష్టమైన పని అదొక్కటే) మొదలుపెడతాను. పడమటి సముద్రంలో పూర్వం ఒక మహాదేశం ఉండేదనీ, దేవుడికి కోపం వచ్చి ఒక్క పూటలో మునిగిపోయిందనీ, ఆ మన్ను ఇంకా అడుక్కి దిగకుండా నీళ్లలోనే తేలుతోందనీ, అటు వెళ్లిన ఓడ బురదలో ఇరుక్కుంటే తెడ్డు కదలక మనుషులు నిలబడ్డచోటే ఎండిపోతారనీ చెబుతాను.

నిజానికి ఆ నీళ్లు దాటి ఉత్తరానికి తిరిగితే తగరం దొరికే దీవులున్నాయి. మా ఊరి తిండీ గుడ్డా అదే. తగరం ఉన్నచోట తగాదా తప్పదు. అందుకని వచ్చినవాడి బుర్ర నిండా బురద నింపి వెనక్కి సాగనంపడం నా వంతు. ఇక ఆ దేశమంటారా, మా తాతల కాలంలో రేవు పెద్దలు నలుగురు ఒక మధ్యాహ్నం తగరం గురించి బెంగపడుతూ కూచుని దాన్ని పుట్టించారు. పుట్టించిన పూటే ముంచేశారు. పాపం, పురుడూ మైలా ఒకే రోజు వచ్చిన దేశం అది.

పోయినవాళ్లున్నారంటే ఏడ్చేవాళ్లూ ఉండాలి కదా. అందుకని ప్రతి వసంతంలో, ఓడలు కదలబోయే ముందు ఒక ఉదయం, మా ఊరి ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని పడమటి ఒడ్డుకి వెళతారు. బార్లీ రొట్టెలు నీళ్లలో వదిలి మునిగిన ఊరివాళ్ల కోసం ఏడుస్తారు. లేని ఊరికి తద్దినం. పరాయి సరంగులు చూడాలనే ఆ ఏర్పాటు. ‘ఎంత బాగా ఏడుస్తున్నారు, ఎంతైనా నా కథ బలం’ అని నేను ఏటేటా ఒడ్డున నిలబడి మురిసిపోయేవాణ్ణి.

ఈ ఏడాది ఆ రోజుకి నాలుగు రోజుల ముందు ఒక యవనుల ఓడ వచ్చింది. సరంగు పేరు మెలాస్. పాతిక దాటిన కుర్రాడు, ఎర్రగడ్డం, చూపు సూదిమొన. మా భాష తప్పులతోనే అయినా తడబడకుండా మాట్లాడాడు. సారాయి కొట్టులో నా బురద కథ మొత్తం విని, వేయించిన తూర చేప ముల్లుతో పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు.

“బురదా? బురద మా ఊరి ఏట్లోనూ ఉంది. దానికోసం ఇంత గొంతు చించుకోవాలా పెద్దాయనా?”

కొట్లో వాళ్లందరూ గొల్లుమన్నారు. నేను జనాన్ని నవ్వించేవాణ్ణే గానీ, నన్ను చూసి నవ్వితే ఓర్చుకునేవాణ్ణి కాదు. మా గురువుగారు నేర్పిన కథలో బురద, నాచు తప్ప ఇంకేమీ ఉండవు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. రాగి గోడ అని కొత్త రాగం అందుకున్నాను.

“మామూలు బురదనుకున్నావా బాబూ! దాని అడుగున ఊరికి ఊరు నిలబడి ఉంది. చుట్టూ రాగి గోడ. మూడు నిలువుల ఎత్తు. పోటు తగ్గిన పూట ఎండ పడిందంటే, చూసినవాడి కళ్లు పోతాయి!”

మెలాస్ పళ్లు కుట్టుకోవడం ఆపాడు. “ఎంత మందం?”

‘ఎంత మందం’ అని అడిగినవాడు కథ వినడం మానేసి కొలవడం మొదలుపెట్టాడని నాకప్పుడే తెలియాలి. కానీ నా బుద్ధి అంతకంటే మందం.

“మూరెడు!” అన్నాను చెయ్యి చాపి చూపిస్తూ.

“మంచిది,” అని లేచాడు. తన మనుషుల వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. అందులో రెండు మాటలు నాకు అర్థమయ్యాయి. ఒకటి కొక్కేలు, రెండోది తాళ్లు.

ఆ సాయంత్రానికల్లా రేవు పెద్ద జకర్‌బాల్ మా గుమ్మంలో ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఊదారంగు తీసే నత్తల వ్యాపారం, కోపమొస్తే మొహం కూడా అదే రంగు.

“ఒరేయ్ ముత్తున్! భయపెట్టమంటే ఆశపెట్టావట్రా? బురదలో రాగి గోడ కట్టడానికి నీకెవడిచ్చాడురా పెత్తనం?”

“ఏదో మాట వరసకి...”

“మాట వరసకా? వాడు అయిదో రోజున పడమటికి కదులుతున్నాడు. రాగి ఉండదు, నాచూ ఉండదు. బురద కూడా అబద్ధమని తేలిపోతుంది. అక్కణ్ణుంచి దక్షిణపు గాలి పడితే నేరుగా తగరం దగ్గరికే!”

ఇలాంటప్పుడు మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పరాయివాడు పడమటికి కదిలాడంటే మా ఓడ ఒకటి ఏమీ ఎరగనట్టు వాడికంటే ముందు బయల్దేరుతుంది. జాడీల నిండా ఇసుక పోసి, మూతులకి లక్క వేసి, సరుకులా పేరుస్తారు. దారి తెలియనివాడు దారి తెలిసినవాడి వెనకపడతాడు కదా. మా ఓడ తీరానికి రెండు రోజుల దూరంలో నీటికింది రాళ్ల మీదికి నడుస్తుంది. మాదీ పగులుతుంది, వాళ్లదీ పగులుతుంది. నడిపేది ఒక్కడే. ఈదగలిగితే రావచ్చు. నాకు ఊహ తెలిశాక నలుగురు వెళ్లారు, ఎవరూ ఈదుకుంటూ రాలేదు. వాళ్ల గురించి ఇంట్లోవాళ్లు ‘సరుకుకి వెళ్లాడు’ అనాలి. అంతకుమించి అనకూడదు. రాయి నిలబెట్టకూడదు, పేరు పెట్టి ఏడవకూడదు. పరాయివాడెవడైనా వింటే ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు అని ఆరా తీస్తాడని.

మా ఇంట్లోంచి కూడా ఒకడు సరుకుకి వెళ్లాడు. అరిషత్ తమ్ముడు అబ్దో, పదకొండేళ్ల కిందట.

ఈసారి ఎవరన్నది ఆ రాత్రే మా రేవు దేవుడు మెల్కార్త్ గుళ్లో గవ్వలు తీసి తేల్చారు. ఓడ నడపడం వచ్చిన పెళ్లికానివాళ్లు ఏడుగురు కుండలో చెయ్యి పెట్టారు. నల్ల గవ్వ మా యాతోన్‌కి వచ్చింది. మాకు వాడొక్కడే కొడుకు.

“మెలాస్ పడమటికి కదిలితేనే సుమా,” అన్నాడు జకర్‌బాల్ వెళుతూ వెళుతూ. మొహంలో ఊదారంగు పోయి బూడిదరంగు వచ్చింది. “తూర్పుకి తిరిగాడంటే మీవాడు ఇంట్లో కూచుని తింటాడు. నోటితో చేశావు, నోటితోనే సరిచెయ్యి.”

మర్నాడు పొద్దున్నే మెలాస్ ఓడ దగ్గరికి పరిగెత్తాను. రాత్రికి రాత్రి ఆ గోడని కూలగొట్టే ఉపాయాలు చాలా పోగేశాను.

“బాబూ, ఆ రాగి మొత్తం చిలుము పట్టిపోయింది.”

“తోముకుంటాం.”

“అసలు చాలావరకు దొంగలు ఎత్తుకెళ్లారు.”

“దొంగలు వెళ్లొచ్చారంటే దారి ఉన్నట్టేగా?”

“నిజం చెప్పనా? అది రాగి కాదు. రాగిరంగు పూసిన మట్టి.”

మెలాస్ నా భుజం మీద చెయ్యి వేశాడు. “నిన్న మూరెడు మందం అన్నావు, ఇవాళ మట్టంటున్నావు. నిన్న నాకు సగం నమ్మకం పెద్దాయనా. ఇవాళ మొత్తం కుదిరింది. అంత మంచి గోడ కాకపోతే ఇంతగా దాచుకోరు.”

బతికినన్నాళ్లూ అబద్ధాన్ని నిలబెట్టడమే నేర్చుకున్నాను. పడగొట్టడం ఎవరూ నేర్పలేదు. నేను ఎటు తోసినా ఆ గోడ ఇంకో జానెడు మందం పెరుగుతోంది.

ఇంటికొచ్చేసరికి యాతోన్ ఉల్లిపాయ నంజుకుంటూ ఎండుచేప పులుసు తింటున్నాడు. అరిషత్ మూల కూచుని బార్లీ పిండి పిసుకుతోంది. మూడో రోజున నీళ్లలో వదలాల్సిన రొట్టెలకి.

“నాన్నా, నువ్వు ముంచిన ఊరికి పోతున్నానట కదా,” అన్నాడు వాడు. వెటకారం నా దగ్గరే నేర్చాడు. “దిగాక ఎవర్ని అడగమంటావు? నీ పేరు చెబితే అక్కడ అన్నం పెడతారా, తంతారా?”

“నోర్మూసుకుని తినరా.”

“మూసుకుని ఎలా తింటారే అమ్మా?”

అరిషత్ నవ్వలేదు. పిండి మీంచి తల ఎత్తకుండా, “ఏవయ్యా, అబ్దో వెళ్లినప్పుడు ఆ ఓడవాళ్లకి చెప్పిందీ నువ్వేనా?” అని అడిగింది.

“కాదే. అప్పుడు మా గురువుగారు చెప్పేవారు. నేను పక్కన కూచుని వినేవాణ్ణి.”

“ఎవరు చెబితేనేంలే,” అంది. ఆ తర్వాత పిండి పిసికే చప్పుడే.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక పడమటి రాళ్ల మీదికి వెళ్లి కూచున్నాను. పోటు తగ్గింది. గాలి లేదు. ఎండకి సముద్రం మీద ఉప్పు పొగలా లేచి, దూరం దగ్గరలా, దగ్గర దూరంలా కనిపిస్తోంది. నీళ్లు పాకుడు రాళ్ల మీంచి అలా అలా వెనక్కి వెళుతూ, వెళుతూ, ఇక తిరిగి రావడం మరిచిపోయినట్టు ఒకచోట ఆగిపోయాయి. అప్పుడు కనిపించింది గోడ.

నేను కట్టిందే. ఏ పూట, ఎన్నో గిన్నె మీద, ఎవడు నవ్వాడని కట్టానో కూడా నాకు గుర్తుంది. అయినా కనిపించింది. మూడు నిలువుల రాగి, తేనెరంగులో తడితడిగా మెరుస్తోంది. దాని మీద ఎవరో నడుస్తున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ల కింద వేడి చూసుకుంటూ నడుస్తున్నట్టున్న ఆ నడక మా యాతోన్‌ది. పిలుద్దామని నోరు తెరిచాను. రేవంతా వినిపించే గొంతు కాస్తా గుటకై లోపలికి పోయింది. వాడు గోడ చివరిదాకా వెళ్లి, ఇంటి మేడ మెట్లు దిగినంత మామూలుగా లోపలికి దిగిపోయాడు. వెనకాలే నీళ్లు నెమ్మదిగా వచ్చి తలుపు వేసినట్టు మూసుకున్నాయి.

లేచేసరికి నా కాళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

మునిగిన ఊరికి ఏడ్చే రోజున తెల్లవారకుండానే పొగమంచు దిగింది. సముద్రం ఎక్కడ మొదలవుతుందో, ఆకాశం ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. మెలాస్‌ని నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. నాకు మిగిలింది ఈ ఉదయం ఒక్కటే. మర్నాడు వాడి ఓడ కదులుతుంది, వాడికంటే ముందు మా వాడిది. ఒడ్డున జకర్‌బాల్ కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. యాతోన్ కొంచెం ఎడంగా రాయి మీద కూచుని ఉన్నాడు.

ఆడవాళ్లు మంచులోంచి ఒక్కొక్కరే రూపం కట్టుకుంటున్నట్టు వచ్చారు. నీళ్లలోకి దిగి వరసగా నిలబడ్డారు. ఏడుపు మొదలైంది. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటూ, ఎవరి గొంతు ఎవరిదో తెలియకుండా.

మెలాస్ ఆవలించాడు. “బాగానే ఏడుస్తున్నారు. మా దగ్గర కూలికి ఏడ్చేవాళ్లు ఇంకా బాగా ఏడుస్తారు.”

నేను ఏదో అనబోయాను. వాడు వినడం లేదు. వరస చివర నిలబడ్డ అరిషత్‌ని చూస్తున్నాడు. ఆవిడ ఏడవడం లేదు. రొట్టె మొత్తంగా వదిలేయకుండా, ఆకలి లేదని మారాం చేసేవాడికి పెట్టినట్టు చిన్న చిన్న ముక్కలు తుంచి వేస్తోంది. వేసిన ప్రతి ముక్కకీ చిన్నగా గదమాయిస్తోంది, “తిను. ఇదొక్కటీ తిను.”

ఇరవై ఏడేళ్ల కాపురంలో, ఇన్ని వసంతాల్లో, నేను ఎప్పుడూ అంత దగ్గరికి వెళ్లి చూడలేదు. వరసలో మిగతావాళ్లని చూశాను. ఆ పక్కన నిలబడ్డది ఆరేళ్ల కింద సరుకుకి వెళ్లినవాడి తల్లి. ఆ పక్కన ఇంకొకడి అక్కచెల్లెళ్లు. పేరు పెట్టి ఏడవడానికి వీల్లేనివాళ్లకి ఏడాదికి ఒక్క పూట దొరికితే, ఇన్నాళ్లూ ఆ కన్నీళ్లన్నీ నా కథ ఖాతాలో వేసుకున్నాను.

మెలాస్ చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచాడు. “ఎవరి కోసం తల్లీ?”

ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. ‘మునిగిన ఊరివాళ్ల కోసం.’ ఆడపిల్లలకి జడలు వేసే వయసులోనే అది నేర్పుతారు.

“మా తమ్ముడి కోసం,” అంది అరిషత్.

జకర్‌బాల్ చేతి కర్ర ఇసుకలో దిగబడింది.

“ఆ ఊరు మునిగి వందల ఏళ్లయిందన్నాడే మీ ఆయన?”

“మా ఆయన చాలా అంటాడు. మా తమ్ముడు మునిగి పదకొండేళ్లు.”

“ఎక్కడ?”

గడ్డంతో పడమటి వైపు చూపించింది. “అక్కడే. ముందు వాడి ఓడ, వెనకాలే మీ యవనుల ఓడ ఒకటి. ఇక్కడే నిలబడి వాడికి చెయ్యి ఊపాను. మీవాడెవరో తనకే అనుకున్నాడు కాబోలు, తిరిగి నాకు ఊపాడు. రేవులో ఉన్నప్పుడు కూడా చూశాను ఆ ఓడని. ముక్కుకి రెండు కళ్లు వేశారు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఇదేం చోద్యమని మా తమ్ముడు నవ్వాడు.”

 అలలు వచ్చి మెలాస్ మోకాళ్లకి తగిలి, అటూ ఇటూ చీలి వెళుతున్నాయి.

“నీలం అయిపోయింది,” అన్నాడు చివరికి. “గిన్నె అడుగంతా గీకినా రాలేదు. ఎరుపే వెయ్యరా, ఎవడు చూస్తాడు అన్నాడు మా నాన్న. వేసింది నేనే.” ఆవిడ వైపు తిరిగి, “చెయ్యి ఊపినాయన... ఏ చేత్తో?” అని అడిగాడు.

“ఎడమచేత్తో.”

వాడు తల ఊపాడు. రాగి కోసం వచ్చానని కొట్లో అందరికీ చెప్పాడు గానీ, ఆ కుర్రాడు పడమటికి ఎందుకు మొహం పెట్టాడో నాకప్పుడు తెలిసింది. తండ్రి అక్కడెక్కడో చల్లగా ఉన్నాడని వాడి ఆశ.

“ఏం జరిగిందమ్మా వాళ్లకి?”

అరిషత్ జకర్‌బాల్ వైపు చూడలేదు. రాయి మీద కూచున్న కొడుకు వైపు చూసింది, తర్వాత నా వైపు. అబ్దో ఆ ఓడని ఎక్కడికి నడిపించాడో ఆమెకి తెలుసు. నాకు తెలుసు. ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు, ఆ ఒక్కడికి తప్ప.

“బురద నాయనా,” అంది. “ఇద్దర్నీ తినేసింది.”

ఆ మాట నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఆవిడ ఒక్కసారి అంది, నాకు చలేసింది. మెలాస్ ఆ నీళ్లలోనే కూలబడ్డాడు. చంకల దాకా నీళ్లు. అరిషత్ మిగిలిన రొట్టె తుంచి సగం వాడి చేతిలో పెట్టింది. ఇద్దరూ ముక్కలు వేస్తూ ఉండగా మంచు మళ్లీ దట్టంగా కమ్మింది. రెండు వీపులు కాస్తా రెండు మరకలయ్యాయి, తర్వాత అవీ లేవు. ఏడుపు మాత్రం వినిపిస్తోంది. అందులో ఇప్పుడు ఒక మగగొంతు కూడా ఉంది.

మర్నాడు మెలాస్ కొక్కేలన్నీ ఓడ అడుగున పడేయించి, ముక్కు తూర్పుకి తిప్పించాడు. మేం ముగ్గురం రేవుకి వెళ్లాం. జకర్‌బాల్ దూరంనుంచే చూసి, యాతోన్‌కి ఇంటి దారి చూపిస్తూ చెయ్యి ఊపాడు. అరిషత్‌ని ఒక్క మాట అనలేదు.

మెలాస్ నా చేతులు పట్టుకున్నాడు. “పెద్దాయనా, మా అమ్మ ఉంది. ఏదో ఒక ఊరు చెప్పాలి ఆవిడకి. బురదంటే ఊరుకోదు. ఆ మునిగిన ఊళ్లో ఏముంటుందో చెప్పు. గోడ వద్దు.”

నేను నోరు తెరిచాను. గోడ తీసేస్తే నా దగ్గర ఏమీ లేదు. ఒక దేశాన్ని ఇన్నేళ్లు తిప్పినవాణ్ణి, అందులో ఒక కిటికీ కూడా ఎరగను.

“రేవు దాటగానే మెట్లుంటాయి,” అంది అరిషత్ నా వెనకనుంచి. “ఎక్కితే కుడిపక్క రొట్టెల వీధి. అక్కడ ఎప్పుడూ పొద్దుటిపూటే. తడిబట్టలు ఇంటి మీంచి ఇంటికి ఆరేసి ఉంటాయి గానీ ఎప్పటికీ ఆరవు, దాని మీద ఆడవాళ్లు ఒకటే గొణుగుడు. వీధిలో మూడో ఇల్లు మా తమ్ముడిది. తలుపు కొంచెం కిందికి జారింది. బాగుచెయ్యరా అంటే రేపంటాడు.”

తెడ్లు పట్టుకున్నవాళ్లు తెడ్లు ఆపేశారు. మాట అర్థం కానివాళ్లు కూడా ఆమె చెయ్యి చూపించిన వైపే చూస్తున్నారు.

“మా నాన్న?” అన్నాడు మెలాస్.

“పక్కిల్లే. ఇద్దరికీ మధ్య గోడ ఒకటే. భాష రాదు కదా, మొదట్లో సైగలు చేసుకునేవాళ్లు. ఇప్పుడు పోట్లాడుకుంటారు కూడా.”

మెలాస్ నవ్వాడు, తడి కళ్లతో, చిన్నపిల్లాడిలా. “పోట్లాడతాడు. మా నాన్నే.”

తాడు విప్పారు. ఓడ ఎండలోకి వెళ్లి, వెలుతురులో పలచబడి, కాసేపటికి తూర్పున ఏమీ మిగల్లేదు. యాతోన్ సరుకుకి కట్టుకున్న మూట భుజానికెత్తుకుని ఈల వేసుకుంటూ మా ముందు నడుస్తున్నాడు. వాడి మడమలు చూసుకుంటూ వెనకాలే మేమిద్దరం.

“ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే ఇదంతా?”

“నువ్వెప్పుడు ఊరుకున్నావు గనక?”

నిజమే. ఊరుకున్నాను. చాలా దూరం ఊరుకునే నడిచాక, ఉండబట్టలేక అడిగాను, “ఆ రొట్టెల వీధి చివరికంటా వెళితే ఏముంటుంది?”

“ఎడమకి తిరగాలి,” అంది. “మెల్లిగా నడు, చెబుతాను.”